కోటు కప్పుడు

ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: అవ్వ రాములమ్మ, రాత్రి షిఫ్టు చేసి వచ్చి అప్పుడే నిద్ర లేచిన ఆమె కొడుకు సామ్యేల్, ఎదురు వరుస క్వార్టర్ నుంచి వచ్చిన సారక్క, సారక్క కోడలు శోభ, శోభ ఒడిలో ఏడు నెలల రుత్విక్, వంటగది గుమ్మానికి ఆనుకుని సామ్యేల్ కూతురు ఫెబా. ఫెబా వాళ్ల అమ్మ చెల్లెలి కాన్పుకని మంచిర్యాల వెళ్లింది. తలుపు వెనక మొలకు వేలాడే కోటును కూడా లెక్కలోకి తీసుకుంటే ఏడుగురు.

ఫెబా దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకునేది. నాయిన లోపల లేకపోయినా ఆ కోటు భుజాలు నాయిన భుజాల్లాగే కొంచెం ముందుకు వంగి ఉండేవి. మోచేతుల దగ్గర మడతలు కూడా ఆయనవే. దాని రంగు ఏమిటో ఎవరూ చెప్పలేరు. మసి రంగు, అంతే. కాలిన టైరు, తడిసిన బొగ్గు, చల్లారిన పొయ్యి కలిసిన వాసన దానిది. ఫెబా ఆ గదిలోనే పడుకునేది. కళ్లు మూసుకున్నాక గది గోడలు మెల్లగా దూరమయ్యేవి, ఫ్యాను చప్పుడు దూరమయ్యేది, చివరికి ఆ వాసన ఒక్కటే మిగిలేది. దాని వెంటే ఆమె నిద్రలోకి నడిచిపోయేది. అమ్మమ్మ ఊళ్లో ఉండి పదో తరగతి దాకా చదివిన రోజుల్లో, సెలవులకు వచ్చినప్పుడు ఇల్లు చేరినట్టు తెలిసేది ఆ వాసన తగిలాకే.

సామ్యేల్‌ది ఓపెన్‌కాస్టు గనిలో ఫైర్ ఇంజను మీద డ్యూటీ. డంపర్ టైర్లు అంటుకున్నా, బొగ్గు మోసే రబ్బరు బెల్టు అంటుకున్నా, కుప్పపోసిన బొగ్గు తనంతట తానే లోపల రాజుకున్నా ఆ కోటు తొడుక్కునే వెళ్లేవాడు. స్టేషన్లో కోట్లు తగిలించుకునే చోటు ఉంది. అయినా ఇంటికే తెచ్చేవాడు. ఇంట్లో దానికి పని ఉండేది.

"అయిదు దినాలాయె వదినె," అంది సారక్క. "నిద్రల అదాటున లేస్తడు. గుక్కపట్టి ఏడుస్తడు. పాలు నోట్లె వెట్టుకోడు."

"దవాఖానకు తీస్కపోయిండ్రా?"

"పోయినం. చెవులు మంచిగనే ఉన్నయట, గుండె మంచిగనే ఉన్నదట. ఇంకేం కావాలె అన్నడు డాక్టరు. నాకు తెల్వదా? బ్లాస్టింగుకు జడుసుకున్నడు పోరడు. దానికి మందు నీ తలుపెనకాల ఉండంగ దవాఖాన ఎందుకని నేను ముందే అన్న. నా కోడలు వింటదా, డిగ్రీ చదివిన మనిషాయె."

శోభ నవ్వింది.

ప్రతి మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు వరుసలోని క్వార్టర్లన్నీ ఒకసారి ఒళ్లు జలదరించినట్టు కదులుతాయి. గూట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. పెద్దవాళ్లు మాట ఆపకుండానే ఆ చప్పుడును దాటిపోతారు. కొత్తగా పుట్టినవాళ్లకు అది అలవాటు కావాలి. కొందరికి కాదు. అలా జడుసుకున్న పిల్లలను ఈ కాలనీలో చాలామంది రాములమ్మ దగ్గరికి తెస్తారు. దీపాలు పెట్టే వేళకు మూడు పొద్దులు, మధ్యలో ఆపకుండా, అగ్గిలోంచి వచ్చిన కోటు కప్పాలి. ఉతికిన కోటు పనికిరాదు.

"సామ్యేలూ, కోటు అందియ్యి," అంది అవ్వ.

ఆయన అందించాడు. చాప మీద రుత్విక్‌ను పడుకోబెట్టి, మెడ దాకా కోటు కప్పింది అవ్వ. బరువుకు పిల్లవాడి కాళ్లు ఆడటం ఆగింది. కళ్లు పెద్దవి చేసి పైకప్పు వైపు చూస్తున్నాడు. అవ్వ అరచేయి కోటు మీద ఆనించి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, అగ్గిల వోయి మళ్లొచ్చిన బట్ట ఇది. అగ్గికే జడవలే. ఈ పోరనిల ఉన్న జడుపు గూడ నువ్వే తీసెయ్యి తండ్రీ. ఆమెన్."

"ఆమెన్," అంది సారక్క కూడా, కోటు అంచును కళ్లకద్దుకుంటూ. తర్వాత అవ్వ బొటనవేలితో కాలరు లోపల రుద్ది, ఆ మసితో రుత్విక్ బుగ్గ మీద ఒక చుక్క, అరికాలిలో ఒక చుక్క పెట్టింది.

"జర వాసనస్తుంది గదా అత్తమ్మా," అంది శోభ మెల్లగా.

"వాసన ఉంటెనే మందు," అంది సారక్క.

కాసేపటికి పిల్లవాడి రెప్పలు బరువెక్కాయి. ఒకసారి పైకి లేచాయి, మళ్లీ వాలాయి. అయిదు రోజులుగా కునుకు లేనివాడు, కోటు కింద చిన్నగా గురక పెడుతూ పడుకున్నాడు. అవ్వ కొంగు సర్దుకుంది, అంతే. కానీ ఆ సర్దుకోవడంలో ఎంత సంతోషం ఉందో ఫెబాకు తెలుసు. భర్త పోయాక, కళ్లు మసకబారాక, అవ్వను వెతుక్కుంటూ మనుషులు వచ్చేది ఈ పని కోసమే.

ఫెబాకు ఈ కాలనీలో మాట్లాడటానికి మనుషులు లేరు. ఎవరైనా పలకరిస్తే సమాధానం గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది. రుత్విక్‌తో మాత్రం ఎంతసేపైనా మాట్లాడేది. శోభ రొట్టెలు చేసుకునేటప్పుడు రోజూ వాణ్ని ఫెబా చంకకెక్కించేది. ఫెబా వాణ్ని వరుస చివరి దాకా తిప్పి, కరెంటు స్తంభాలు, కుక్కపిల్లలు, ఎవరి ఇంటి ముందు ఏ పువ్వు పూసిందో అన్నీ చెప్పేది. వాడు ఆమె చెవి పట్టుకుని వినేవాడు. ఈ అయిదు రోజులూ ఆ నడక లేదు. అందుకే ఆ సాయంత్రం చాప మీద వాడి మూసుకున్న కళ్లను చూసి ఆమెకూ అవ్వకున్నంత సంతోషం కలిగింది.

మరునాడు మంగళవారం. సామ్యేల్‌కు డ్యూటీ లేదు, స్టేషన్లో క్లాసు ఉంది. అందరూ కోట్లు తీసుకుని రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకే తిరిగి వచ్చాడు. స్కూటర్ వెనక ఆగయ్య ఉన్నాడు. ఆయనదీ అదే ఇంజను మీద పని, పక్క వరుసలో క్వార్టరు. అరుగు మీద కూర్చుని, ఫెబా ఇచ్చిన నీళ్లు గటగటా తాగి మొదలుపెట్టాడు.

"రాములమ్మవ్వా, ఇయ్యాల నీ కొడుకు ఇజ్జతి తీసింది హైదరాబాద్ మేడం. తెల్ల దస్తీ తీసి సామ్యేలన్న కోటు మీద గిట్ల రాసింది. చూస్తె కాటుక. అందరికి చూపెట్టుకుంట, ‘మీరు పీల్చేది ఇదే, మీ తోలుల నుంచి లోపటికి పోయేది ఇదే’ అన్నది. నేనన్న, మేడం, గా దస్తీ పారెయ్యకుండ్రి, మా ఇంటిదానికి కాటుకకు పనికొస్తది."

తనే నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గుగా మారింది. చాలాసేపు దగ్గి, పక్కకు వంగి ఉమ్మి, మళ్లీ నవ్వు ముఖం పెట్టాడు.

"ఇగ ప్రతి అగ్గి కాడికెళ్లి వచ్చినంక కోటు ఉతకాల్నట. స్టేషన్ల మిషన్ పెడ్తరట. పెండ్లికోటు ఏసుకొని అగ్గిల దుంకితె అగ్గి నవ్వదా అన్నా?"

కొత్తగా చేరిన వాళ్ల శుభ్రమైన కోట్లను వాళ్లు పెండ్లికోటు అనేవారు. మసి ఎంత పడితే మనిషికి అంత విలువ. సామ్యేల్ కోటు స్టేషన్లో అందరికంటే నల్లనిది.

"వాళ్లు చెప్పుడు చెప్తరు తియ్యి," అంది అవ్వ. "ఉతికితె దాంట్లె ఏముంటది?"

ఆగయ్య వెళ్లాక, అవ్వ లోపల కునుకు తీస్తుండగా, సామ్యేల్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. చదవమన్నట్టు ఫెబా చేతికిచ్చాడు.

"అద్దాలు ఏడ వెట్టిన్నో. మెల్లగ చదువు బిడ్డా. మెల్లగ."

అద్దాలు ఆయన అంగీ జేబులోనే ఉన్నాయి. ఫెబా చూసింది, కాగితం మడతలు విప్పింది.

కాగితంలో పెద్ద అక్షరాల తెలుగు. రబ్బరు, ప్లాస్టిక్, వైర్లు, నూనె కాలినప్పుడు వచ్చే పొగలో క్యాన్సర్ కలిగించగల రసాయనాలు ఉంటాయి. అవి మసితో పాటు దుస్తుల్లో నిలిచిపోతాయి. మెడ, చెవుల వెనక, ముంజేతుల చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. పని కాగానే ముఖం, మెడ, చేతులు కడుక్కోవాలి. కోటును ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. ఇంటికి తీసుకుపోకూడదు.

ఆ తర్వాతి వరుస దగ్గర ఫెబా ఆగింది.

"చదువు," అన్నాడు సామ్యేల్.

"పసిపిల్లల దగ్గరికి అసలే తీసుకురాకూడదు. వాళ్ల చర్మం పలుచన. నోట్లో చేతులు పెట్టుకుంటారు."

వాకిట్లో ముసురు మొదలైంది. గాలికి ఊగే తెరలా సన్నటి జల్లు రోడ్డు మీద అటూ ఇటూ కదులుతోంది. ఎదురు వరుసలో సారక్క దండెం మీది చిన్న చిన్న బట్టలు తీస్తోంది. సామ్యేల్ కాగితం తీసుకుని, ఉన్న మడతల మీదే మళ్లీ జాగ్రత్తగా మడిచాడు.

"మీ అవ్వకు చెప్పకు."

"ఇయ్యాల రుత్విక్‌ను తెస్తరు నాయినా."

"ఎరుకే."

ఆమె ఎదురుచూసింది. ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"ఇన్నేండ్ల సంది కప్పుతలేమా. ఎవరికేమైంది? నిన్నెన్నిసార్లు కప్పినమో. జరమొస్తె కోటే, ఉరిమితె కోటే. నేను డ్యూటీ దిగొస్తె నువ్వు ఇంట్లకు రానిస్తుంటివా? ఈడనే అరుగు మీదనే కోటుతోనే ఎత్తుకొమ్మని ఏడుస్తుంటివి." ఆయన గొంతు తగ్గింది. "ఎరుకలేకుంట ఎత్తుకున్న బిడ్డా."

ఆయన తనతో వాదించడం లేదని, తనను ఏదో అడుగుతున్నాడని ఫెబాకు అర్థమైంది. కాగితం ఇమ్మని చేయి చాచింది. ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని తన పుస్తకాల మధ్య పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకు అత్తతో కలిసి, రుత్విక్‌ను ఎత్తుకుని శోభ వచ్చింది. వచ్చీ రాగానే ఫెబా భుజం మీద చేయి వేసింది.

"రాత్రి నిద్రపోయిండు ఫెబా. నాలుగు గంటలు లేవలే. నేను గూడ పండుకున్న. ఎన్ని దినాలైందో తెలుసా?"

శోభ కళ్ల కింది నలుపు కొంచెం తగ్గింది. ఫెబా గొంతులో మాట లేచింది. అక్కా, కప్పకు. రెండే మాటలు. ఆ రెండు మాటలూ నోట్లో పెట్టుకుని ఆమె అక్కడే నిలబడింది. చాప పరవడం చూసింది. నాయిన తలుపు వెనక మొల మీంచి కోటు తీయడం, తీసేటప్పుడు ఒక్క క్షణం ఆగడం చూసింది. ఆయన తనవైపు చూడలేదు. కోటు వాలుతుంటే గాలి కదిలింది, ఆ పాత వాసన గదంతా పరుచుకుంది. ఇన్నేళ్లుగా తనను నిద్రపుచ్చిన వాసన. ఇప్పుడు కూడా దాన్ని అసహ్యించుకోవడం ఆమె చేత కాలేదు. నీళ్ల అడుగున నిలబడి పైన జరిగేదంతా చూస్తున్నట్టుంది. అవ్వ పెదవులు కదులుతున్నాయి. సారక్క చేతులు జోడించి ఉంది. రుత్విక్ కాలరు అంచు పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంటున్నాడు.

ఫెబా వంగి, వాడి పిడికిలి విప్పి, కాలరును కిందికి జరిపింది.

"జరుపకు," అంది అవ్వ. "ముఖానికి తగలాలె." మళ్లీ పైకి లాగింది.

బొటనవేలు మసిలోకి వెళ్లింది. బుగ్గ మీద ఒక చుక్క. అరికాలిలో ఒక చుక్క. పిల్లవాడు పడుకున్నాడు. సామ్యేల్ బయటికి వెళ్లి ముసురులో నిలబడ్డాడు.

బుధవారం అవ్వ స్త్రీల ప్రార్థనకు వెళ్లింది, సాయంత్రం దాకా రాదు. సామ్యేల్‌కు అది వారపు సెలవు రోజు. అవ్వ మందుల కోసం షేర్ ఆటోలో గోదావరిఖని పోయాడు. పొయ్యేముందు తలుపు వెనక్కి చూశాడు, ఫెబా వైపు చూశాడు.

"అన్నం తిను," అన్నాడు, అంతే.

ఆమె కోటును మొల మీంచి దించింది. ఇంత బరువని ఎప్పుడూ అనుకోలేదు. పిల్లవాణ్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పెరటి నల్లా దగ్గరికి మోసింది. ఇంటి బట్టలతో కలపొద్దని ఉంది కాబట్టి బకీట్లు వదిలేసి, పాత సిమెంటు తొట్టి ఖాళీ చేసి, అందులో వేసి నీళ్లు వదిలింది. చేతులకు ఏదైనా తొడుక్కోవాలని ఆమెకు తోచలేదు.

మొదటి నీళ్లు పోసిన వెంటనే నల్లబడ్డాయి. సబ్బుపొడి వేసి తొక్కింది. నురుగు కూడా బూడిద రంగులో లేచింది. నీళ్లు వంపితే పెరటి మోరీ వెంట నల్లటి తాడులా సాగిపోయాయి. రెండో నీళ్లు. మూడో నీళ్లు. మూడో దానిపై నూనె పొర తేలింది. ముసురు చినుకులు పడిన చోటల్లా ఆ పొరలో ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగులు వృత్తాలుగా విచ్చుకుని మళ్లీ కలిసిపోయాయి. అంత అందంగా ఉంటుందనుకోలేదు. కాసేపు చేతులు కదపకుండా చూస్తూ ఉండిపోయింది. తర్వాత తల తిరిగినట్టైతే గోడకు ఆనుకుంది.

బ్రష్షుతో చేతులు రుద్దింది, వీపు రుద్దింది, కాలరు లోపల ఎక్కువసేపు రుద్దింది. నాయిన వీపు రుద్దుతున్నట్టే ఉంది. లోపలి జేబును తిరగేస్తే మూలలో ఒక పుదీనా బిళ్ల, కాగితంతో సహా కరిగి, జేబుకు అతుక్కుని ఉంది. చిన్నప్పుడు నాయిన అరుగు మీద ఎత్తుకోగానే ఆమె చేయి నేరుగా ఈ జేబులోకే వెళ్లేది. బిళ్లతో పాటు వేళ్లకంటిన మసిని కూడా చీకేది. చల్లగా, తీపిగా, కొంచెం కటువుగా ఉండేది. అన్ని బిళ్లలూ అలాగే ఉంటాయని చాలా రోజులు అనుకుంది.

నాలుగో నీళ్లకు కోటు నీలం రంగులోకి వచ్చింది. అయిదో నీళ్లకు చేతుల చుట్టూ, నడుం చుట్టూ వెండిపట్టీలు బయటపడ్డాయి. ఆరో నీళ్లు కొంచెం తేటగా ఉన్నాయి. అక్కడ ఆపింది. పిండటానికి బలం చాలక, నీళ్లు కారుతుండగానే దండెం మీద వేసింది. మబ్బు వెలుతురులో ఆ పట్టీలు మెరిశాయి. ఎవరో కొత్త మనిషి చేతులు చాచి తమ పెరట్లో నిలబడ్డట్టుంది. ఫెబా లోపలికి పోయి తలస్నానం చేసింది. చేసినా గోళ్ల పక్కన నలుపు పోలేదు.

ముందు అవ్వ వచ్చింది. పెరట్లోకి వెళ్లి, మసక కళ్లతో దండెం వైపు చూసి, దగ్గరికి పోయి చేత్తో తడిమింది. భుజం తడిమింది, కాలరు లోపల తడిమింది. బొటనవేలు చూసుకుంది. దానికి నీళ్లు తప్ప ఏమీ అంటలేదు.

"ఎవరు ఉతికిండ్రు?"

ఫెబా నీళ్లు కారుతున్న కోటు అంచునే చూస్తోంది.

"అడుగుతున్న. నోరు లేదా?"

అప్పటికే ముందు గదిలో సారక్క గొంతు వినిపించింది. పిల్లవాడితో శోభ కూడా. విషయం తెలిసి సారక్క పెరట్లోకి వచ్చింది. కోటును ఒక వేలితో ముట్టి వెంటనే తీసేసింది.

"సల్లగున్నది వదినె."

అవ్వ తల తిప్పుకుంది. అదే సమయానికి సామ్యేల్ మందుల సంచితో లోపలికి వచ్చాడు. దండెం చూశాడు. కూతురి ఎర్రబడిన చేతులు చూశాడు.

"నేనే ఉతకమన్న," అన్నాడు.

"ఎందుకురా? మూడో పొద్దు ఉండంగ?"

"స్టేషన్ల ఉతకమన్నరు అవ్వా."

ఫెబా మిగతా మాట కోసం చూసింది. ఇప్పుడు చెప్తాడు. శోభ ఉంది, సారక్క ఉంది, అవ్వ ఉంది. నాయిన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మందులు తెచ్చిన," అన్నాడు.

సారక్క నిట్టూర్చింది. "ఎవలనని ఏం లాభం. రెండు పొద్దులు కప్పి మూడోది ఆపితె ఉన్న జడుపు రెండింతలైతది. ఆగయ్య కోటు ఉన్నది తియ్యి. రాత్రే బెల్టు కాడ అగ్గి ఆర్పి వచ్చిండట, ఇంక పచ్చిగనే ఉంటది మసి. రేపు పొద్దుమీకి దీపాలు వెట్టెటప్పటి సంది మల్ల మూడు పొద్దులు కప్పుకుంటం. పా శోభా."

శోభ వెళ్తూ వెనక్కి తిరిగి ఫెబాను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగాలనుకున్నదేదో ఉంది. వాళ్లు రోడ్డు దాటేలోపే రుత్విక్ ఏడుపు మొదలుపెట్టాడు. ఆ ఏడుపు ముసురులో తడిసి, ఎదురింటి తలుపు దాటి, చాలాసేపు వచ్చింది.

అవ్వ అన్నం ముట్టలేదు. మంచం మీద కూర్చుని వేళ్ల కణుపులు లెక్కపెడుతూ పేర్లు చెప్పుకుంది. "సదయ్య బిడ్డ. ముత్యం కొడుకులిద్దరు. బుచ్చన్న మనుమరాలు. ఎంతమందిని కప్పిన. ఎంతమంది నా చేతికింద నిద్రపోయిండ్రు. ఇయ్యాల పోరన్ని నా ఇంట్లకెళ్లి వాపస్ తోలిచ్చిండ్రు."

సామ్యేల్ పెరట్లో దండెం దగ్గర ఉన్నాడు. ఫెబా వెళ్లి పక్కన నిలబడింది. ఆయన వెండిపట్టీని వేలితో మెల్లగా తడిమాడు.

"ఇవి ఉన్నయన్న సంగతే మర్చిపోయిన."

"ఆగయ్య కాకకు చెప్పు నాయినా. కప్పొద్దని."

"ఆగయ్యకు ఎరుకే. క్లాసుల నా పక్కనే కూసున్నడు."

"మరి?"

"నీ కాగితం ఆయన కాడ గూడ ఉన్నది. ఆయన కోటు కింద ఇద్దరు మనుమలు పెరిగిండ్రు." దగ్గు ఆపుకున్నాడు. "కప్పుడు తప్పు అని నోటితోని అంటె, ఇన్నేండ్లు చేసిందంత కండ్లముంగట నిలవడ్తది బిడ్డా. నిన్నటి సంది నాకు నిలవడ్డది. ఇంకొకనికి నిలవెట్టాల్నంటె నోరొస్తలేదు."

గురువారం ఉదయం ముసురు ఆగింది కానీ మబ్బు అలాగే ఉంది. తొమ్మిదింటికి సారక్క గొడుగు పట్టుకుని బీపీ గోలీలకని దవాఖానకు పోవడం ఫెబా కిటికీలోంచి చూసింది. పుస్తకాల్లోంచి కాగితం తీసింది. చెప్పవలసిన మాటలు వరుసగా అనుకుంది. మళ్లీ మొదటి నుంచి అనుకుంది. అవ్వ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాయిన డ్యూటీకి పోయాడు. తడి ఆరని కోటును సంచిలో పెట్టుకుని, తొడుక్కోకుండా పోయాడు.

రోడ్డు మీద గుంతల్లో నిలిచిన నీళ్లలో ఆకాశం, తీగలు, క్వార్టర్ల గోడలు తలకిందులుగా ఉన్నాయి. వాటి మీంచి నడుస్తుంటే నేల మీద నడుస్తున్నట్టే లేదు. ఎదురింటి తలుపు సగం తెరిచి ఉంది. శోభ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, రుత్విక్‌ను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. రాత్రంతా నిద్ర లేదని ఇద్దరి ముఖాలూ చెప్తున్నాయి.

"రా ఫెబా. లోపటికి రా."

"ఈడనే చెప్త అక్కా."

అనుకున్న మాటల వరుస మొత్తం పోయింది. ఆమె కాగితం చాచింది. "ఆగయ్య కాక కోటు కప్పకుండ్రి. మా కోటు గూడ... నేనే ఉతికిన. నాయిన చెప్పలే. నేనే. దీంట్ల ఉన్నది చూడు."

శోభ ఒక చేత్తో కాగితం విప్పింది. చదివింది. చదువుతున్నకొద్దీ రుత్విక్‌ను పట్టుకున్న చేయి బిగుసుకుంది. చివరి వరుస దాకా వచ్చి, మళ్లీ పైకి పోయి చదివింది. ఎక్కడా గాలి లేదు. దూరంగా గనిలో డంపర్లు ఎక్కుతూ మూలుగుతున్న చప్పుడు వస్తోంది.

"ఆగయ్య కాక ఇంటికి పోను," అంది శోభ. "అత్తమ్మ ఏమన్న అననీ. పోను."

ఫెబాకు నవ్వు రాబోయింది.

"ఇది మీ నాయినకు ఎప్పుడిచ్చిండ్రు?"

"మంగళారం. క్లాసుల."

"పొద్దుగాలనా?"

"ఆఁ. మధ్యాన్నం నేనే చదివిన. నాయినకు చదివి చెప్పిన."

శోభ కాగితంలోంచి తలెత్తింది.

"మంగళారం సాయంత్రం నువ్వు ఆడనే ఉంటివి గదా ఫెబా."



"ఉన్న."

"వాడు కాలరు నోట్లె వెట్టుకోవోతె జరిపినవు. గందుకేనా?"

"గందుకే."

"నేను రాత్రి నిద్రపోయిన అని నీకు సంతోషంగ చెప్తిని."

  రుత్విక్ ఫెబాను గుర్తుపట్టాడు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతోనే నవ్వి, తల్లి చంకలోంచి ముందుకు వంగి రెండు చేతులూ చాచాడు. ఫెబా చేతులు వాటంతట అవే లేచాయి.

శోభ ఆ చేతులను చూసింది. గోళ్ల పక్కన నలుపు. సబ్బుకు ఎర్రబడి, మడతల్లో ఇంకా సన్నటి గీతలుగా మిగిలిన మసి. శోభ ముక్కు ఒకసారి కదిలింది. తలస్నానం చేసినా ఫెబా జుట్టులో ఆ వాసన ఉంది, ఆమె పుట్టినప్పటి నుంచీ ఉంది.

"ఆరు నీళ్లతోని ఉతికిన అక్కా," అంది ఫెబా. "చేతులు గూడ మంచిగ..."

శోభ పిల్లవాణ్ని రెండో భుజం మీదికి మార్చుకుంది. వాడు మెడ తిప్పి మళ్లీ ఫెబా వైపే వంగుతున్నాడు. అరచేత్తో వాడి తలను తన మెడకు అదిమి పట్టుకుని, శోభ ఒక అడుగు వెనక్కి వేసింది. కాగితం ఆమె పిడికిలిలోనే ఉంది.

"నువ్వు చెప్పినందుకు మంచిదే అయింది," అంది. "ఇగ రాకు."

పిల్లవాడు ఎక్కడ ఉలిక్కిపడతాడోనని, తలుపును చప్పుడు కాకుండా, మెల్లగా, చివరి దాకా మూసింది.